అగ్గి మోటరుకు పట్టిన మసి

ఇప్పుడు షెడ్లలో పని నేర్చుకుంటున్న మీలాంటివాళ్లు కలిసినప్పుడు నన్ను ఒకటే అడుగుతారు: "ఇన్నేళ్లలో ఎన్ని లారీలు బాగుచేసి ఉంటారు సార్?" లెక్క నాకూ తెలియదు. ములుగు అడవుల నుంచి కలప మోసిన లారీలు, బస్సులు, రైసుమిల్లు ఇంజన్లు, ఒకసారి పెండ్లికొడుకును ఎక్కించుకొని దారిలో ఆగిపోయిన కారు. అన్నీ చేశాను. కానీ గొప్పగా చెప్పుకోవాలనిపించేది ఒక్క లారీ గురించే. అది మా దగ్గరున్నంత కాలం ఒక ఫర్లాంగు కూడా పోలేదు. నిలబడ్డచోటనే నిలబడి, ఒక మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆగకుండా నడిచింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయిన రోజులవి. నాకు ఇరవై నాలుగేళ్లు. హనుమకొండలో ఒక మోటారు షెడ్డులో ఆరేళ్లు పనిచేసి, అక్కడి మేస్త్రీతో మాటామాటా వచ్చి బయటపడి, వరంగల్ స్టేషన్‌కు అవతల ఒక జిన్నింగ్ మిల్లులో మెకానిక్‌గా చేరాను. పత్తి నుంచి గింజను వేరుచేసి దూదిని బేళ్లు కట్టే మిల్లు అది. దసరా దాటిందంటే ఎడ్లబండ్ల మీద పత్తి దిగేది. ఎండాకాలం దాకా ఆవరణ నిండా తెల్లటి గుట్టలే. అలాంటిచోట పనిచేసేవాళ్లకు నిప్పును మించిన భయం ఉండదు. ఎవరి జేబులోనైనా బీడీ దొరికితే ఆ పూటే పనిలోంచి తీసేసేవాళ్లు.

అందుకే మా సేటు, యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్లు వేలం వేసిన లారీని ఒకదాన్ని కొన్నాడు. దానికి నీళ్ల పంపు బిగించి, ఎర్ర రంగు వేయించి, మిల్లు బావి గట్టున షెడ్డు కట్టి నిలిపాడు. లారీ ఇంజన్ తిరిగితే పంపు తిరుగుతుంది. పంపు బావిలోని నీళ్లు గుంజి గొట్టాల్లోకి తోస్తుంది. మిల్లులో అందరూ దాన్ని అగ్గి మోటరు అనేవాళ్లు.

దానికొక డ్రైవర్. యాభై దాటినవాడు. యుద్ధకాలంలో అస్సాం దిక్కున సరిగ్గా ఇలాంటి లారీలే నడిపాడు. అందరం మామా అని పిలిచేవాళ్లం. పొద్దున ఎనిమిదికి మిల్లు కూత వేయగానే షెడ్డు తలుపు తీసి, లారీని తడిగుడ్డతో తుడిచి, గొట్టాల ఇత్తడి మూతులను చింతపండుతో తోమి, ఇంజన్ స్టార్ట్ చేసేవాడు. పది నిమిషాలు మెల్లగా తిరగనిచ్చి ఆపేవాడు. ఏడేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. బిడ్డ పెండ్లినాడు కూడా కొత్త బట్టల్లో వచ్చి స్టార్ట్ చేసి పోయాడట. మిల్లు చూడటానికి ఎవరు వచ్చినా సేటు ముందుగా అక్కడికే తీసుకుపోయేవాడు. ఆ ఎర్ర రంగులో మన మొహం మనకు కనబడేది.

ఆ ఏడు దసరాకు నెలరోజుల ముందు, దగ్గరి ఊళ్లో ఇంకో మిల్లు కాలిపోయిందని కబురు వచ్చింది. సేటు మామనూ నన్నూ పిలిచాడు. "రేపు అందరి ముందర మన మోటరు నడుపుండ్రి. నీళ్లు గోడౌన్ కప్పు దాకా పోవాలె" అన్నాడు.

మరునాడు ఆవరణలో అందరం చేరాం. దూది ఏరే ఆడవాళ్లు నలభై మంది దాకా వరసగా నిలబడ్డారు. వాళ్లకు పెద్ద ఒక ముకద్దం. నేను అక్కా అనేవాణ్ని. ఆమె నోటికి సేటు కూడా జంకేవాడు. మామ ఖాకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకొని ఇంజన్ స్టార్ట్ చేశాడు. తరవాత పంపు కలిపి యాక్సిలేటర్ పెంచాడు.

ఇంజన్ దగ్గింది. కార్బురేటర్‌లోంచి టపటపమని పేలింది. గొట్టం మూతి దగ్గర నీళ్లు రెండు మూరల దూరం దుంకి కిందికి వంగిపోయాయి. మామ ఇంకా పెంచాడు. సైలెన్సర్ నల్లటి పొగ కక్కింది. ఇంజన్ ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది.

"గీ నీళ్లతోని బియ్యం గూడ కడుగరాదు కదనే!" అంది అక్క. ఆడవాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు. సేటు నవ్వలేదు. మామ మాత్రం స్టీరింగ్ మీద చేతులు పెట్టుకొని అట్లాగే కూర్చున్నాడు.

కొత్త మోటరు కావాలంటే బొంబాయి నుంచి రావాలి. అది వచ్చేసరికి పత్తి సీజనే అయిపోతుంది. సేటు నా వైపు చూశాడు. "అయితదా?"

"అయితది సేట్. పది దినాలు ఇయ్యుండ్రి" అన్నాను. ఇంజన్ మూత కూడా ఎత్తి చూడకుండానే అన్నాను. ఇరవై నాలుగేళ్ల వయసులో నా నోటికి అడ్డు ఉండేది కాదు.

ఇంజన్ పై మూత, అదే హెడ్డు, విప్పి పక్కన పెట్టాక చూడటానికి సేటు వచ్చాడు, అక్కా, ఆమె వెనక దూది ఏరేవాళ్లు కొందరూ వచ్చారు, బాయిలర్ దగ్గరి కాకా వచ్చాడు. కాకా డోర్నకల్‌లో రైలింజన్ల షెడ్డులో ఫిట్టర్‌గా రిటైరై మా మిల్లు బాయిలర్ చూసుకునేవాడు. లోపల ఆరు పిస్టన్ల మీద మసి గట్టిపడి, మాడిన సర్వపిండి అడుగులా ఉంది. వాల్వుల చుట్టూ గాలి పోయే దారి సగానికి పైగా పూడుకుపోయింది. పొగ పోయే దారిలో నా చిటికెన వేలు కూడా పట్టలేదు.

మామ లారీ తలాపున నిలబడ్డాడు. "నేను రోజు స్టార్ట్ జేసిన. ఒక్క దినం తప్పలే. గిట్లెట్లయింది?"

కారణం నాకు అర్థమైంది. ఇంజన్ బాగా వేడెక్కితేనే పెట్రోలు శుభ్రంగా కాలుతుంది. పది నిమిషాలు బరువు లేకుండా తిప్పి, వేడి పుట్టకముందే ఆపేస్తే కాలని మసి లోపలే మిగులుతుంది. మరునాడు దాని మీద ఇంకో పొర. ఏడేళ్లు. ఆయన ఒక్కరోజు కూడా తప్పకపోవడమే దానికి చేటు చేసింది.

ఈ సంగతి పక్కకు పిలిచి మెల్లగా చెప్పి ఉండొచ్చు. నేను అందరి ముందర అన్నాను: "మామా, ఏడేండ్ల సంది నువ్వు దీన్ని నడుపలే. మసి తాపినవ్."

మామ చేతిలోని తడిగుడ్డను మడిచి బానెట్ మీద పెట్టి వెళ్లిపోయాడు. "సక్కగనే జెప్పినవ్ తియ్యి. తెలివున్నోనివి" అని అక్క నన్ను ఎగాదిగా చూసింది. అది మెచ్చుకోలు కాదని అప్పుడే తెలిసింది. కానీ పని ఉత్సాహంలో పట్టించుకోలేదు.

నాలుగు రోజులు మసితోనే సరిపోయింది. కిరసనాయిలు పోసి నానబెట్టడం, ఇత్తడి రేకుతో, వెదురు చీలికలతో గీకడం, మళ్లీ నానబెట్టడం. ఇనుప చాకు వాడితే పిస్టన్‌కు గీతలు పడతాయి కాబట్టి తొందరపడటానికి లేదు. వాల్వులు ఒక్కొక్కటే అరచేతుల మధ్య కర్రతో తిప్పుతూ, పేస్టు రాసి, వాటి గద్దెల్లో సరిగ్గా కూర్చునేదాకా రుద్దాను. నా చేతులు, మొహం, అన్నం తినే పళ్లెం అంచు అన్నీ నల్లబడ్డాయి. పిస్టన్లను అద్దంలా మెరిపించాలని నా పంతం.

నాలుగోనాడు కాకా వచ్చి వంగి చూశాడు. "నడిమధ్యల గీకు బిడ్డా. అంచు పొంటి మాత్రం సన్నగ మసి ఉండనియ్యి. పాత ఇంజన్ ఇది, సిలిండర్లు అరిగినయ్. ఇప్పుడు నూనె పైకెక్కకుంట ఆపుతాంది గా మసే."

"కాకా, గది నీ రైలింజన్ల సంగతి. ఇది పెట్రోల్ ఇంజన్."

"సరే బిడ్డా" అని ఆయన బాయిలర్ దగ్గరికి పోయాడు. వాదించలేదు. వాదించి ఉంటే బాగుండేదని ఆ తరవాత చాలాసార్లు అనుకున్నాను. అంచులతో సహా గీకి తళతళలాడించాను.

హెడ్డు బిగించి స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ శబ్దం విని సేటు గద్దె దిగి పరుగెత్తుకొచ్చాడు. గుండ్రటి, బరువైన శబ్దం. పంపు కలిపితే నీళ్లు గోడౌన్ కప్పు దాటి అవతల పడ్డాయి. ఆడవాళ్లు కేకలేశారు. నేను రుమాలుతో చేతులు తుడుచుకుంటూ, చూడనట్టు చూస్తూ, కాకా ఎక్కడున్నాడో వెతికాను.

పావుగంట గడిచింది. సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైంది. మొదట సన్నగా, తరవాత షెడ్డు నిండా. నీలం పొగ అంటే నూనె కాలుతున్నట్టు. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఒకటి నూనెలో తడిసి పనిమానేసింది. దాని వెనక రెండోది. నీళ్లు మళ్లీ మెల్లగా కిందికి వంగాయి. ఇంజన్ ఆపేసింది నేనే.

కాకా చెప్పింది అక్షరాలా జరిగింది. అరిగిన సిలిండర్లలో, పిస్టన్ల చుట్టూ తొడిగే పాత రింగులు వదులుగా ఉన్నాయి. అంచున పేరుకున్న మసే ఇన్నాళ్లూ సందు పూడ్చింది. నేను దాన్ని గీకి పారేశాను. ఇప్పుడు కొత్త రింగులు వేయాల్సిందే. ఆ మోడల్ లారీకి రింగులు వరంగల్‌లో లేవు. సికింద్రాబాద్‌కు మనిషిని పంపితే అక్కడా లేవన్నారు. దసరా ఇంక పన్నెండు రోజులుంది.

సేటు నన్ను తిట్టలేదు. "నువ్వే జెప్పినవ్ గదా, అయితదని" అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం బావి గట్టున కూర్చున్నాను. మామ వచ్చి నాకు కొంచెం దూరంగా కూర్చొని బీడీ లేని చేతిని ఊరికే రుద్దుకున్నాడు.

"వేలంల గీ లారీలు ఐదు అమ్మిండ్రు" అన్నాడు నన్ను చూడకుండా. "నాలుగు ములుగు కలప కాంట్రాక్టర్ తీసుకున్నడు. సామాన్ల పెట్టెలు గూడ ఆయనకే పోయినయ్. లారీలు అడవిల ఖరాబయినయ్. పెట్టెలు ఉన్నయో లేవో. పోదామా?"

మరునాడు పొద్దున ములుగు బస్సెక్కాం. సగం దారి దాటింది. చివరికి నేనే, "మామా, గా దినం అందరి ముందర గట్ల అనకుంట ఉండాల్సింది" అన్నాను.

ఆయన కిటికీ బయటికి చూస్తున్నాడు. "అన్నది అబద్ధం గాదు. నేను స్టార్ట్ జేస్తే సాలనుకున్న. కానీ గా గుంపుల నా బిడ్డ గూడ ఉన్నది. దూది ఏరే కాడ." కొంచెం ఆగి, "గది గుర్తుపెట్టుకో" అన్నాడు. నేను ఇవాళ్టికీ మరచిపోలేదు. నా చేతికింద పనిచేసినవాళ్ల తప్పును ఆ తరవాత ఎప్పుడూ నలుగురి ముందర ఎత్తలేదు.

కాంట్రాక్టర్ ఊళ్లో లేడు. కలప డిపోలో ఒక ముసలి మున్షీ పెద్ద చెక్కపెట్టె మీద కూర్చొని దుంగలు లెక్కబెడుతున్నాడు. మామ పెట్టె మీది మిలిటరీ గుర్తులు చూసి అక్కడే ఆగిపోయాడు.

"గిండ్ల ఏమున్నదో తెల్వదు. ఏడేండ్ల సంది కూసుంటున్న, ఇప్పి చూడలే" అన్నాడు మున్షీ. సంగతి చెబితే విని తలూపాడు. "కాంట్రాక్టర్‌కు నేను జెప్పుకుంట, సామాను తీసుకపోండ్రి. పెట్టె మాత్రం తీసుకపోనియ్య. నేను దేని మీద కూసోవాలె?"

పెట్టెలో గ్రీజు కాగితాల్లో చుట్టిన రింగులు, నిన్ననే పెట్టినట్టు, సరిగ్గా ఆరు పిస్టన్ల సెట్టు. మామ ఒక పొట్లం విప్పి వాసన చూశాడు. అస్సాం రోడ్లు గుర్తొచ్చాయేమో, కళ్లు తుడుచుకున్నాడు. ఖాళీ పెట్టెను ఎక్కడిదక్కడే పెట్టి, మున్షీని దాని మీద కూర్చోబెట్టి మరీ వచ్చాం.

రెండోసారి ఇంజన్ విప్పేటప్పుడు నేనే బాయిలర్ దగ్గరికి పోయి కాకా ముందు నిలబడ్డాను. "కాకా, జర వచ్చి చూడు. నువ్వు చెప్పినట్టే చేస్త."

"రైలింజన్ కాదు గదరా అది" అన్నాడు. అంటూనే చెప్పులేసుకున్నాడు.

ప్రతి రింగునూ సిలిండర్‌లో పెట్టి, కొసల మధ్య సందు చూసి, ఆకురాయితో రెండు గీతలు గీసి మళ్లీ చూడటం కాకా పద్ధతి. రోజుకు రెండు పిస్టన్లు. నాలుగో పిస్టన్ దగ్గర నాకు ఓపిక పోయింది. నూనెను పైకి రాకుండా ఆపే రింగును ఎక్కువ విడదీశాను. పుటుక్కున రెండు ముక్కలైంది. ఇంకొకటి లేదు. కాకా చాలాసేపు ఆ ముక్కల్ని చూసి, పాత రింగుల్లోంచి కాస్త మంచిదాన్ని ఏరి శుభ్రం చేసి ఎక్కించాడు. "గా నాలుగోదాని మీద ఒక కన్నేసి ఉంచు. ఎప్పటికైన అదే సతాయిస్తది."

దసరాకు రెండు రోజుల ముందు ఇంజన్ మళ్లీ లేచింది. ఈసారి గంట నడిపినా నీలం పొగ లేదు. ఎవరినీ పిలవలేదు. మామ, కాకా, నేను ముగ్గురమే నిలబడి విన్నాం. ఆ రోజు నుంచి మామ పద్ధతి మార్చాడు. రోజూ పది నిమిషాలు మానేసి, మూడు రోజులకొకసారి పంపు కలిపి, బావి నీళ్లు బావిలోకే పోస్తూ అరగంట గట్టిగా నడిపేవాడు. రేడియేటర్ మీద చెయ్యి పెడితే కాలాలి. అప్పుడే ఆపేవాడు.

సంక్రాంతి వెళ్లిన తరవాత, పత్తి నిండుగా ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అన్నాల గంట కొట్టబోతుండగా మంట లేచింది. పత్తిలో వచ్చిన రాయి ఏదో జిన్నింగ్ యంత్రంలో తగిలి నిప్పురవ్వ పుట్టింది. అది దూది కొట్లో పడి, కిటికీలోంచి బయటి గుట్టకు అంటుకుంది. దూదికి మంట అంటుకోవడం మీరు చూసి ఉండరు. అది కాలినట్టు ఉండదు, గుట్ట మీద పాకినట్టు ఉంటుంది. ఇటు చూసేలోపు అటు కొస చేరుతుంది.

దూది ఏరే ఆడవాళ్లు పక్క హాలులో ఉన్నారు. హాలుకు ఒకటే తలుపు. ఆ తలుపు ఎదురుగానే గుట్ట మండుతోంది.

నేను బావి గట్టుకు చేరేసరికి మామ స్టార్ట్ చేసేశాడు. చలికి చల్లబడ్డ ఇంజన్, అయినా ఒక్క తిప్పుకే లేచింది. గేటు దగ్గరి చౌకీదారు గొట్టం పట్టుకొని తలుపు వైపు తిప్పాడు. నీళ్లు తగిలినంత మేర మంట వెనక్కి పోయి దారి ఏర్పడుతోంది. గాలి వీస్తే మళ్లీ మూసుకుంటోంది. అక్క తడిపిన గోనెసంచి తల మీద కప్పుకొని తలుపులో నిలబడి, "నువ్వు ఉరుకు! ఇగ నువ్వు!" అని ఇద్దరిద్దర్ని బయటికి నెడుతోంది.

సగం మంది వచ్చి ఉంటారు, ఇంజన్ లయ తప్పింది. నాకు చూడాల్సిన పనిలేదు. నాలుగో సిలిండర్. పాత రింగు నూనె వదిలింది, ప్లగ్గు తడిసింది. నీళ్ల దూరం ఒక బార తగ్గింది. జేబులో కొత్త ప్లగ్గు ఉంది. ఇంజన్ ఆపితే రెండు నిమిషాల పని.

"మామా, ఆపి మార్చనా?" అని అరిచాను.

మామ తలుపు వైపు చూశాడు. ఆయన బిడ్డ ఇంకా లోపలే ఉంది. "ఐదింటి మీద తట్టుకుంటదా? నువ్వు జెప్పు."

జీవితంలో నన్ను ఎవరూ అంత నమ్మి అడగలేదు. బానెట్ మీద చెయ్యి పెట్టాను. మిగిలిన ఐదూ శుభ్రంగా కొడుతున్నాయి. నూనె మీటరు ముల్లు కదలలేదు. ఆ ఐదింటి లోపల ఏముందో ఒక్కొక్క రింగుతో సహా నాకు తెలుసు.

"తట్టుకుంటది మామా. ఇంకింత పెంచు."

పెంచాడు. ఇంజన్ ఒళ్లంతా వణికింది. కానీ ఆగలేదు. నీళ్లు మళ్లీ తలుపు దాకా పోయాయి. ఇద్దరిద్దరు వస్తూనే ఉన్నారు. మామ బిడ్డ చెంగు అంచు కాలి వచ్చింది. చివరికి అక్క బయటికొచ్చి, సంచి పారేసి, వేళ్ల మీద అందర్నీ ఒకసారి, మళ్లీ ఒకసారి లెక్కబెట్టి, నేల మీద కూలబడింది. "అందరొచ్చిండ్రు" అంది.

ఊరి ఫైరింజన్ వచ్చాక కూడా మాది ఆపలేదు. రెండు గుట్టలు, దూది కొట్టు బూడిదయ్యాయి. గోడౌన్ నిలిచింది, దాని వెనక కూలీల గుడిసెలు నిలిచాయి. పొద్దుగూకేదాకా ఐదు సిలిండర్ల మీదే నడిచింది. మధ్యలో కాకా రెండుసార్లు వచ్చి రేడియేటర్‌లో నీళ్లు పోసి, నా భుజం మీద చెయ్యి వేసి పోయాడు.

అంతా చల్లారాక ఫైరింజన్ ఆఫీసర్ మా లారీ దగ్గరికి వచ్చాడు. చుట్టూ తిరిగి, ఇంజన్ శబ్దం విని, "యుద్ధంనాటి బండి కదా ఇది. ఇన్ని గంటలు ఎట్లా నడిచింది? ఎవరు చేశారు ఈ ఇంజన్?" అని అడిగాడు.

సేటు నోరు తెరిచేలోపు మామ సీటులోంచి కిందికి దిగాడు. మొహం మసితో గుర్తుపట్టరాకుండా ఉంది. "మా మెకానిక్ జేసిండు సార్" అని నన్ను చూపించాడు. "రెండుసార్లు ఇప్పిండు. మొదటిసారి తప్పు జేసిండు. రెండోసారి చెయ్యలే."

ఆఫీసర్ నవ్వాడు. మామ నవ్వలేదు. ఆ తరవాత నాకు ప్రమోషన్లు వచ్చాయి, నా సొంత షెడ్డు వచ్చింది, దండలు కూడా పడ్డాయి. అవేవీ ఆ మాటకు సాటిరాలేదు.

మామ తిరిగి సీటెక్కి, యాక్సిలేటర్ మెల్లగా తగ్గించి, నా వైపు చూశాడు.

"ఇగ ఆపుదామా?"

"ఆపు మామా" అన్నాను.